జరిగిందా, విన్నామా? బాగా చెప్పిన కథ మన జ్ఞాపకంగా మారిపోతే ఎలా పట్టుకోవాలి

నాకు నాలుగేళ్లప్పుడు తడి మెట్ల మీద కాలు జారి పడ్డానని, చేతిలో ఉన్న నీలం బకెట్ నా కంటే ముందే దొర్లుకుంటూ కిందకి పోయిందని, మోచేతి దగ్గర చర్మం లేచిపోయి ముందు తెల్లగా కనపడి తర్వాత రక్తం వచ్చిందని చాలా ఏళ్లు అందరికీ చెప్పేదాన్ని. ఆ బకెట్ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఒకసారి మా అక్క ముందే చెప్పాను, తను మొత్తం విని ఏమీ అనకుండా చెయ్యి మడిచి చూపించింది. మచ్చ తన మోచేతికి ఉంది. పడింది తను, అప్పటికి నేను ఇంకా పుట్టనే లేదు. అమ్మ ఆ సంగతి ఎప్పుడు చెప్పినా బకెట్ చప్పుడు నోటితో చేసి మరీ చెప్పేది, నేను వినీ వినీ ఆ మెట్ల మీద నన్నే పెట్టేసుకున్నా అన్నమాట.

ఇది నా ఒక్కదానికే జరిగింది కాదు. 2001లో కవలల మీద చేసిన ఒక పరిశోధనలో ఒకే సంఘటన గురించి ఇద్దరూ "అది జరిగింది నాకే" అని గట్టిగా చెప్పిన జంటలు చాలానే బయటపడ్డాయి. పిల్లల మనస్తత్వం మీద జీవితమంతా పనిచేసిన జాన్ పియాజే కూడా తనకి రెండేళ్లప్పుడు పారిస్‌లో ఎవరో తనని ఎత్తుకుపోబోయారని, ఆయా అడ్డుపడితే ఆమె మొహం మీద గీరుకుపోయిందని, పొట్టి కోటు వేసుకున్న పోలీసు తెల్ల కర్రతో వచ్చాడని కళ్లారా చూసినట్టు గుర్తుపెట్టుకున్నాడు. ఆయనకి పదిహేనేళ్లు వచ్చాక ఆ ఆయా ఇంట్లోవాళ్లకి ఉత్తరం రాసింది, అదంతా తను అల్లిన కథేనని, అప్పట్లో బహుమతిగా ఇచ్చిన వాచీ తిరిగి ఇచ్చేస్తున్నానని.

కాబట్టి మొట్టమొదట మనసులో పెట్టుకోవాల్సింది ఒకటే, స్పష్టంగా కనపడటం వేరు, నిజంగా జరగడం వేరు. జ్ఞాపకం అంటే వీడియో కాదు, గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మెదడు ముక్కలు ఏరి మళ్లీ కడుతుంది, ఆ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో (చూశామా, విన్నామా, ఊహించామా) దాని మీద చీటీ అంటించి ఉండదు. మార్సియా జాన్సన్, కరోల్ రే అనే మనస్తత్వ పరిశోధకులు 1981లో చెప్పింది ఇదే, చూసిన దాంట్లో రంగు, చప్పుడు, చోటు ఎక్కువ ఉంటాయి కాబట్టి మెదడు వాటిని బట్టే "ఇది నిజం" అని తేల్చుకుంటుందట. ఇప్పుడు మంచి కథ చెప్పేవాళ్లు ఇచ్చేది ఏంటి? సరిగ్గా ఆ రంగు, ఆ చప్పుడు, ఆ చోటే కదా. "అక్క మెట్ల మీద పడింది" అని చెప్తే అది సమాచారం, అక్కడితో అయిపోతుంది. "బకెట్ ఒక్కో మెట్టుకీ టంగ్ టంగ్ మంటూ దిగుతుంటే అది కింద ఆగేదాకా ఎవరికీ నోట మాట రాలేదు" అంటే మీరు కూడా ఇప్పుడు ఆ మెట్ల మీద నిలబడ్డారు.

సరే, మీ జ్ఞాపకం ఒకటి అనుమానంగా ఉంది, ఏం చేయాలి. ఇంట్లో ఎవరినీ అడగక ముందే ఒక్కరే కూర్చుని రాసేయండి, గుర్తున్నదంతా. అడిగాక రాస్తే వాళ్ల మాటలు మీ దాంట్లో కలిసిపోతాయి, తర్వాత విడదీయలేరు. రాశాక ఒక్కో వాక్యం పక్కన "ఇది నాకెలా తెలుసు" అని రాయండి. నా మెట్ల కథకి అలా చేస్తే బకెట్ రంగు దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే అమ్మ చెప్పేటప్పుడు నీలం బకెట్ అనేది, దాని గురించి నా దగ్గర అంతకంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ లేదు. బాగా అరిగిన ఇంటి కథలో అమ్మ చెప్పినదానికి మించి మీకేమీ గుర్తులేకపోతే అది చాలా మటుకు అమ్మదే. ఇంకోటి, వయసు లెక్కేయండి, రెండేళ్ల లోపు సంగతులు పెద్దయ్యాక గుర్తుండటం దాదాపు జరగదు. మిమ్మల్ని మీరు బయట నుంచి చూస్తున్నట్టు కనపడుతుంటే కొంచెం ఆలోచించండి, కానీ దాన్ని బట్టే తేల్చేయకండి, నిజం జ్ఞాపకాల్లో కూడా అలా కనపడుతుంది.

తర్వాత బయటి సాక్ష్యం వెతకండి, మచ్చ, తేదీ ఉన్న కాగితం, అక్కడున్న ఇద్దరు మనుషులు (విడివిడిగా అడగండి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్లదే ఇద్దరి జ్ఞాపకం అయిపోతుంది). ఫోటోని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 2002లో ఒక ప్రయోగంలో 20 మందికి చిన్నప్పుడు వాళ్లు వేడిగాలి బెలూన్‌లో ఎగిరినట్టు మార్చిన ఫోటో చూపిస్తే, రెండు మూడు సార్లు మాట్లాడేసరికి సగం మందికి ఎప్పుడూ చేయని ఆ ప్రయాణం ఎంతో కొంత "గుర్తొచ్చింది". గుర్తు రాకపోతే కళ్లు మూసుకుని ఊహించుకుంటూ కూర్చోవద్దు, అది ఇంకా ప్రమాదం. జరగని సంగతిని ఒక్కసారి ఊహించుకున్నా "జరిగే ఉంటుందిలే" అనే నమ్మకం పెరుగుతుందని 1996లోనే చూపించారు.

ఇప్పుడు వేరేవాళ్లని అడగడం గురించి, ఇక్కడే ఎక్కువ తప్పులు చేస్తాం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు కార్లు గుద్దుకున్న చిన్న ఫిల్మ్ చూపించి, కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడ్‌లో ఉన్నాయి" అని, కొందరిని "ధడేల్మని గుద్దుకున్నప్పుడు" అనే అర్థం వచ్చేలా అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే మొదటి 50 మందిలో 7 మంది, రెండో 50 మందిలో 16 మంది చూశామన్నారు, ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు! ఒక్క క్రియాపదం మారితే ఇంత. 1995లో లాఫ్టస్ ఇంకొకరితో కలిసి చేసిన దాంట్లో, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారన్న అబద్ధపు కథని మూడు నిజం సంగతులతో కలిపి 24 మందికి ఇస్తే 6 మందికి అది పూర్తిగానో కొంతగానో గుర్తొచ్చింది, ఎందుకంటే కథలో ఇంట్లోవాళ్ల పేర్లు, వాళ్లు వెళ్లే చోట్లు ఉన్నాయి.

అందుకే పిల్లల్ని అడిగేటప్పుడు దయచేసి "వాడు కొట్టాడా, చెయ్యి పట్టుకుని లాగాడా" అని అడగొద్దు. "ఏం జరిగింది", "తర్వాత", "ఇంకా" ఇంతే, మధ్యలో ఆగితే మీరూ ఆగండి, ఖాళీ మీరు నింపొద్దు, అడిగిందే మళ్లీ అడగొద్దు, మొదటి జవాబు తప్పేమో అనుకుని పిల్లలు మార్చేస్తారు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే అప్పటికప్పుడు రాసి పెట్టండి. నిజంగా ఏదైనా జరిగి ఉంటే రేపు ఆ బిడ్డ మాటని నమ్మించేది ఆ కాగితమే, మనం ఎక్కించిన మాటలు దాంట్లో ఉంటే నష్టపోయేది ఆ బిడ్డే.

ఇక మీరే కథ చెప్పేవాళ్లయితే. కల్పితం అయితే ఏ అడ్డూ లేదు, వాసన పెట్టండి, చప్పుడు పెట్టండి, వినేవాళ్లని మెట్ల మీద నిలబెట్టండి. జరిగింది చెప్తుంటే మాత్రం, జరిగిన రోజే పొడిపొడిగా నాలుగు వాక్యాలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, తర్వాత ఎంత రంగు వేసి చెప్పినా వెనక్కి వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది. ఎందుకంటే పదిసార్లు చెప్పాక మీకు గుర్తుండేది జరిగింది కాదు, పదోసారి చెప్పింది. మీరు చేర్చిన ముక్క దగ్గర "అనుకుంటా", "అమ్మ చెప్పింది" లాంటి చిన్న మాటలు వదిలేయకండి, కథ ఏమీ చప్పబడదు, నేను చెప్పి చూశాను.

పెద్దవాళ్ల జ్ఞాపకం తప్పని తెలిస్తే నలుగురిలో అబద్ధమనొద్దు, వాళ్లు అబద్ధం ఆడట్లేదు, వాళ్లకి అది నిజంగానే కనపడుతోంది. అక్క చేసినట్టు చెయ్యి మడిచి చూపిస్తే చాలు.

ఇప్పుడు మెట్ల సంగతి చెప్పాల్సొస్తే "మా అక్క పడినప్పుడు" అని మొదలుపెడతా. బకెట్ చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తుంది, అది అమ్మ గొంతు.