పాత రీసెర్చ్ డేటా తెరిస్తే ఏదో తేడాగా ఉందా? సమస్య, కారణం, పరిష్కారం

ప్రాజెక్టు ముగిసి పేపర్ వచ్చాక ఫోల్డరు మొత్తాన్ని ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టేస్తే భద్రపరిచినట్టే అనుకుంటాం. పదేళ్ళ తర్వాత ఎవరో దాన్ని తెరుస్తారు, ఫైళ్ళన్నీ ఉంటాయి, తెరుచుకుంటాయి కూడా, కానీ ఏది ఏమిటో ఎవరికీ తెలియదు. నేను చూసినంతలో ఫైలు చెడిపోయిన సందర్భాలు తక్కువ, ఫైలు నిక్షేపంగా ఉండి దాని అర్థం పోయిన సందర్భాలే ఎక్కువ. కింద చెప్పేవన్నీ చాలావరకు అలాంటివే. మొదలుపెట్టే ముందు ఒక్క మాట: అసలు ఫైలును ముట్టుకోకండి. కాపీ తీసుకుని దాని మీదే పని చేయండి, ఏం మార్చారో పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాస్తూ వెళ్ళండి.

పురావస్తు తవ్వకాల జాబితాలో నంబర్లు ఉండాల్సిన చోట తేదీలు ఉన్నాయి

ట్రెంచ్ (తవ్విన గుంట) 3, మట్టిపొర 4 అని చెప్పడానికి ఎవరో "3-4" అని కొట్టారు. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంది. కాలమ్ కిందికి చూస్తూ వెళ్ళండి, 3-4 తేదీగా మారి ఉంటుంది, 14-15 మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే పద్నాలుగో నెలా లేదు, పదిహేనో నెలా లేదు. సగం తేదీలు, సగం మామూలు అంకెలు కనిపించాయంటే రోగం ఇదే. ఇందులో ఘోరమేంటంటే, ఆ గడిలో ఇప్పుడు మీరు కొట్టిన అక్షరాలు లేవు, తేదీకి సంబంధించిన ఒక వరుస సంఖ్య మాత్రమే ఉంది. ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చితే ఐదంకెల సంఖ్య ఒకటి బయటపడుతుంది, అంతే.

వెనక్కి తీసుకురావచ్చు, కానీ ఆ కంప్యూటర్లో తేదీ సెట్టింగ్ ఎలా ఉండేదో తెలియాలి. రోజు ముందా, నెల ముందా అన్నదాన్ని బట్టి అదే 3-4 ఏప్రిల్ 3 అవుతుంది, లేదా మార్చి 4 అవుతుంది. పెంకుల సంచుల మీద కట్టిన చీటీలు నాలుగైదు తీసి సరిపోల్చండి, ఏ సెట్టింగో తేలిపోతుంది. ఇక ముందు ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకుండా ఇంపోర్ట్ ద్వారా తెచ్చుకుని ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని ముందే చెప్పండి. 007 కాస్తా 7 అయిపోవడానికి కూడా మందు అదే.

ల్యాబుల్లో ఇదే జబ్బు ఎంత ముదిరిందంటే, సెప్ట్1, మార్చ్1 అనే జీన్ల పేర్లు తేదీలుగా మారిపోతున్నాయని 2020లో జీన్ల పేర్ల కమిటీ ఆ పేర్లనే సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1 అని మార్చేసింది. 2016లో చేసిన ఒక పరిశీలనలో, ఎక్సెల్ జీన్ జాబితాలు జత చేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులు దొరికాయి.

తేదీలన్నీ సరిగ్గా నాలుగేళ్ళ ఒక రోజు వెనక్కి వెళ్ళాయి

పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్ళు 1904 నుంచి లెక్కపెడతాయి, మిగతావి 1900 నుంచి. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి కాపీ చేస్తే 1462 రోజుల తేడా వస్తుంది. ఆ 1462 కలపండి, సరిపోతుంది. నాలుగేళ్ళు ముందుకు దూకితే తీసేయండి.

ఫొటోలు వేలల్లో ఉన్నాయి, ఏది ఏ పొరదో తెలియదు

నాకు బాగా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే తవ్విన చోటును మళ్ళీ తవ్వలేం. ల్యాబ్ ప్రయోగం ఇంకోసారి చేసుకోవచ్చు, సర్వే మళ్ళీ వేయొచ్చు, తీసేసిన మట్టిపొర మాత్రం ఇక ఆ కాగితాల్లోనూ ఫొటోల్లోనూ మాత్రమే ఉంటుంది. కారణం సాధారణంగా ఒకటే: కెమెరా పెట్టిన ఫైలు పేర్లు అలాగే వదిలేశారు, ఫొటో రిజిస్టర్ విడిగా ఇంకో పెట్టెలో ఉండిపోయింది. 9999 దాటాక కెమెరా మళ్ళీ 0001 నుంచి మొదలుపెడుతుంది, కాబట్టి ఒకే పేరుతో రెండు ఫొటోలు వచ్చి ఒకదాని మీద ఒకటి పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ముందుగా ట్రెంచ్ అంచున పెట్టిన చిన్న బోర్డు కనిపించే ఫొటోలు వెతకండి, ఆ బోర్డు మీద తేదీ, పొర నంబరు చాక్‌పీసుతో రాసి ఉంటాయి. ఒకసారి నేను ఇలాగే కూర్చున్నప్పుడు బోర్డు మీద తేదీకీ ఫొటోలో కెమెరా నమోదు చేసిన తేదీకీ పొంతన కుదర్లేదు. ఇంకో మూడు ఫొటోలు చూస్తే అన్నిట్లోనూ తేడా ఒకటే, అంటే కెమెరా గడియారం తప్పు. ఆ తేడాను అన్ని ఫొటోలకూ సవరించాక ఫీల్డ్ నోట్‌బుక్‌లో ఏ రోజు ఏ పొర తవ్వారో చూసి వరుస కలిపేయగలిగాం. తేడా రోజురోజుకీ మారుతుంటే మాత్రం ఈ దారి పనికిరాదు, మధ్యలో ఎవరో గడియారం దిద్ది ఉంటారు.

లోతులు కూడా ఇలాగే గాలిలో వేలాడుతుంటాయి. ఏ స్థిర బిందువు నుంచి కొలిచారో, ఆ రోజు పరికరం ఎత్తు ఎంతో రాయకపోతే "1.42" అన్న అంకెకు అర్థం లేదు. అదే రోజు కొలిచిన గోడ మూలో, రాతి గట్టో ఇప్పటికీ ఉంటే దాన్ని మళ్ళీ కొలిచి లెక్క కట్టొచ్చు.

వినియోగదారుల సర్వేలో సగటు వయసు నమ్మేలా లేదు

జవాబు చెప్పనివాళ్ళకు 99 అని వేసి ఉంటారు, దాన్ని సాఫ్ట్‌వేర్ వయసు అనుకుని కలిపేసింది. ఎస్‌పీఎస్‌ఎస్ (సర్వే లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్) ఫైల్లో "99 అంటే జవాబు లేదు" అన్న సమాచారం లోపలే ఉంటుంది, సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ పట్టికగా మార్చిన క్షణం అది పోతుంది. పాత ఫైలు దొరికితే అందులోంచి కోడ్‌బుక్ (ఏ అంకెకు ఏం అర్థమో చెప్పే జాబితా) బయటికి తీయండి. దొరక్కపోతే అసలు ప్రశ్నావళి వెతకండి, 1 నుంచి 5 వరకు స్కేల్లో 1 అంటే పూర్తిగా ఒప్పుకుంటాననా, అస్సలు ఒప్పుకోననా అన్నది అది లేకుండా చెప్పలేం. ఖాళీ గడులను సున్నాలు చేసేయకండి. అడగలేదు, చెప్పనన్నారు, తెలియదన్నారు, ఈ మూడూ మూడు వేరే సంగతులు.

అక్షరాలు పిచ్చిగా కనిపిస్తే

ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా దాచుకునే పద్ధతి, తేడా అయి ఉండొచ్చు. తెరిచేటప్పుడే ఒక్కోటీ మార్చి చూసి, సరైనది దొరికాక యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. యూనికోడ్ కాని పాత ఫాంట్‌తో కొట్టిందైతే ఎన్‌కోడింగ్ మార్చి లాభం లేదు, ఆ ఫాంట్‌కు తగ్గ కన్వర్టర్ కావాలి.

నెగెటివ్‌ల పెట్టెలో వెనిగర్ వాసన వస్తే

ఎసిటేట్ ఫిల్ము కుళ్ళుతోంది, అది విడుదల చేసే ఆమ్లమే దాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది. మిగతావాటి నుంచి వేరు చేయండి, ముందు స్కాన్ చేయండి, తర్వాత చల్లటి చోట పెట్టండి. పరికరాల్లోంచి వచ్చే థర్మల్ కాగితాలు కూడా వెలిసిపోతాయి, అవి ఈరోజే స్కాన్ చేయండి.

రెండు కాపీలున్నాయి, రెండూ ఒకటి కావు

ఎవరో ఒకదాన్ని తెరిచి తెలియకుండా సేవ్ చేశారు, లేదా కాపీ మధ్యలో ఆగింది. భద్రపరిచిన రోజే ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్లో ఉన్నదాన్నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడు, ఫైలు కాస్త మారినా ఇది మారిపోతుంది) తీసి ఉంటే ఏది అసలుదో నిమిషంలో తేలేది. ఇప్పుడైనా తీయండి, ఏడాదికోసారి సరిచూడండి. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊళ్ళో. సింక్ అయ్యే క్లౌడ్ ఫోల్డరును బ్యాకప్ అనుకోవద్దు, మీరు ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడ కూడా పోతుంది.

పేర్లు తీసేశాం, అయినా మనిషి దొరికిపోతున్నాడు

అమెరికాలో జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్న మూడు వివరాలతోనే 87 శాతం మందిని విడిగా గుర్తించే వీలుందని 2000లో కంప్యూటర్ శాస్త్రవేత్త లతన్యా స్వీనీ చూపించారు. కాబట్టి పుట్టిన తేదీ బదులు వయసు గుంపు పెట్టండి, చిన్న ప్రాంతాలను కలిపేయండి, అయినా అనుమానం ఉంటే అడిగినవాళ్ళకే ఇచ్చే పద్ధతిలో ఉంచండి. సమ్మతి పత్రం కూడా తీసి చదవండి. "ప్రాజెక్టు అయ్యాక డేటా నాశనం చేస్తాం" అని అందులో మాట ఇచ్చి ఉంటే దాన్ని భద్రపరిచే హక్కు మీకు లేదు.

అన్నీ ఉన్నాయి, అడగడానికి మనిషి లేరు

ఒక అధ్యయనంలో పరిశోధకులు మొక్కలు, జంతువుల కొలతల మీద వచ్చిన 516 పేపర్ల డేటా కోసం ఆ పేపర్ల రచయితలకే రాసి చూశారు. పేపరు వయసు ఒక్కో ఏడాది పెరిగే కొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గింది. అందుకే ఆ పని చేసినవాళ్ళు రిటైరవ్వబోతున్నారంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఒక గంట చాలు, ఫోన్లో రికార్డింగ్ పెట్టి అసలు ఫైలు వాళ్ళ ముందు తెరవండి, ఈ పసుపు రంగు వేసిన గడులేంటి, ఈ షీటు పేరు చివర "కొత్త2" అని ఎందుకుంది, ఈ పదిహేడో శాంపిల్ ఎందుకు వదిలేశారు అని అడగండి. రంగుల సంగతి ముందు అడగండి, సీఎస్‌వీగా మార్చగానే పోయేది అవే.