నాసిరకం గ్రావెల్‌తో రోడ్డు, 5వ పాఠం: ఆ ‘7’ ఎలా వచ్చింది?

గ్రావెల్‌లో 30 శాతం ఇసుక కలిపితే పీఐ (ప్లాస్టిసిటీ ఇండెక్స్, అంటే మట్టిలో బంకతనం ఎంతో చెప్పే అంకె) ఎంతకు దిగుతుందని పోయిన పాఠం చివర లెక్క ఇచ్చాను. దాదాపు అందరూ ‘ఏడు’ అనే పంపారు. ఏడు కాదు. నల్లరేగడిని సున్నంతో దారికి తెచ్చే సంగతి ఈసారి చెబుదామనుకున్నాను, ఇది తేలేదాకా దాన్ని పక్కన పెడదాం.

కందుకూరు వైపు ఎర్ర గ్రావెల్, పీఐ 10 అనుకున్నాం. సబ్‌బేస్‌లో (రోడ్డు పైపొరల కింద వేసే పొరలో) పీఐ 6 దాటకూడదు కాబట్టి బంక లేని, అంటే పీఐ సున్నా ఉన్న ఇసుక 30 శాతం కలిపాం. మీరేమో పదిని 0.7తో గుణించేసి ఊరుకున్నారు. పీఐ పరీక్ష మొత్తం గ్రావెల్ మీద చేయరండీ, 425 మైక్రాన్ల జల్లెడ దిగిన పొడి మీదే చేస్తారు, కాబట్టి పైన మిగిలిన రాళ్లూ ముతక ఇసుకా ఎంత బరువున్నా ఈ లెక్కలోకి రావు.

గ్రావెల్‌లో 40 శాతం ఆ జల్లెడ దిగుతుందనుకోండి. 70 కిలోలకు 28 కిలోల పొడి. పెన్నా ముతక ఇసుకలో 20 శాతమే దిగితే 30 కిలోలకు 6 కిలోలు. గ్రావెల్ పొడి 28ని దాని పీఐ 10తో గుణిస్తే 280, ఇసుక వాటా సున్నా. ఆ 280ని మొత్తం పొడి 34తో భాగించండి, 8.2. ఫెయిల్. అదే 90 శాతం దిగే సన్న ఇసుకైతే 27 కిలోలు, 280ని 55తో భాగిస్తే 5.1. పాస్. గ్రావెల్ అదే, 30 శాతమూ అదే. ఎస్టిమేట్‌లో ‘ఇసుక 30 శాతం’ అని రాసి ఏ ఇసుకో రాయని వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అలాగని సన్న ఇసుక కుమ్మరించకండి. పొడి ఎక్కువైతే గ్రేడింగ్ (ఏ సైజు రేణువులు ఎంత ఉండాలన్న లెక్క) హద్దు దాటుతుంది, నాలుగు రోజులు నానబెట్టి తీసే సీబీఆర్ (ఆ పొర ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే అంకె) కూడా పడిపోవచ్చు. కొత్తపట్నం బీచ్ ఇసుక వాడొచ్చా అని అడిగారు, వద్దు. సీఆర్‌జెడ్‌లో (తీర నియంత్రణ ప్రాంతంలో) ఇసుక తవ్వకం నిషేధం, పైగా అందులో ఉప్పు. నేనైతే చీమకుర్తి వైపు క్రషర్ డస్టే (రాళ్లు పగలగొట్టేచోట మిగిలే రాతిపొడి) తెప్పిస్తాను. ట్రాక్టర్‌కి రోటవేటర్ తగిలించి పొడిగా ఉండగానే బాగా కలిపి, ఆ తర్వాతే నీళ్లు కొట్టండి.

ఇక మీ పని. డస్ట్‌లో బంక లేదు, 45 శాతం 425 దిగుతుందనుకుని, ఇదే గ్రావెల్ పీఐ 6కి రావాలంటే కనీసం ఎంత శాతం కలపాలో కట్టండి. తర్వాత మీ దగ్గరి రెండు క్వారీల గ్రావెల్‌కు, మీకు దొరికే డస్ట్‌కు జల్లెడ పట్టి ఇదే లెక్క వేసి, ఆ పాళ్లలో కలిపిన శాంపిల్‌కు ల్యాబ్‌లో పీఐ, సీబీఆర్ రెండూ తీయించండి. మన సూత్రం అంచనా వరకే, ల్యాబ్ అంకెకూ దానికీ ఎంత తేడా వచ్చిందో కూడా రాసి పంపండి.