కార్పెట్ మీద మొండి మరకలు పోగొట్టడం ఎలా?

రక్తం, గుడ్డు, పాలు, వాంతి, పెంపుడు జంతువుల మూత్రం. కార్పెట్ మీద పడితే ఓ పట్టాన వదలనివి ఇవే. ఒకసారి పిల్లి పాడుచేసిన కార్పెట్ మూల ఎత్తి చూశాను. పైన అరచేతంత మరక, వెనక పళ్లెమంత పరుచుకుని ఉంది. పైపైన తుడిచి పోయిందనుకుంటాం. ఆరాక మళ్లీ అక్కడే తేలుతుంది. వత్తి నూనెను లాగినట్టు, ఆరుతున్న పోగులు అడుగున మిగిలిన మురికిని పైకి లాగుతాయి. కాబట్టి మరక ఎంత లోతుకు దిగిందో దాన్ని వదిలించే మందూ అంత లోతుకు దిగాలి.

ముందుగా ఒక మాట: వేడి నీళ్లు, స్టీమ్ క్లీనర్ వద్దు. వేడికి తెల్లసొన గట్టిపడినట్టే రక్తంలోని ప్రోటీన్ కూడా గట్టిపడి పోగులను పట్టేస్తుంది. ఆ తర్వాత వదిలించడం చాలా కష్టం.

మొదట పైనున్న ముద్దను చెంచాతో ఎత్తేయండి. ఎండిపోయి ఉంటే చల్లటి నీళ్లు కొద్దిగా చిలకరించి నాననివ్వండి. తర్వాత తెల్లటి నూలు గుడ్డతో అద్దండి. రంగు గుడ్డ అయితే దాని రంగు కార్పెట్‌కు అంటుకోవచ్చు. అంచుల నుంచి మధ్యకు రావాలి, లేకపోతే మరక వెడల్పవుతుంది. ఎంత విసుగొచ్చినా రుద్దకండి. రుద్దితే పోగుల పురి విడిపోతుంది, మరక పోయినా ఆ చోటు నూగులేచి అలాగే ఉండిపోతుంది.

ఇక అసలు పని ఎంజైమ్ క్లీనర్‌ది. ఇందులోని ఎంజైమ్‌లలో ప్రోటీజ్ ప్రోటీన్‌ను, లైపేజ్ కొవ్వును, అమైలేజ్ పిండిపదార్థాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొడతాయి. మీ కార్పెట్ ఉన్నిదో పట్టుదో అయితే మాత్రం ఆగండి. ఆ పోగులే ప్రోటీన్, ప్రోటీజ్ వాటినీ తినేస్తుంది. ఉన్నికి పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్నదే వాడాలి. ఏ కార్పెట్ అయినా ముందు సోఫా కిందో, కనపడని మూలో రెండు చుక్కలు వేసి, ఆరాక రంగు మారిందేమో చూసుకోండి.

మరకను దాటి చుట్టూ మరికాస్త మేర, అడుగుదాకా దిగేలా పోయండి. చాలామంది ఇక్కడే తొందరపడి, ఐదు నిమిషాలకే తుడిచేసి మందు పనిచేయలేదంటారు. ఎంజైమ్‌కు తడి కావాలి, సమయం కావాలి. ఎండిందంటే దాని పని ఆగిపోయినట్టే. అందుకే పైన ప్లాస్టిక్ షీటు కప్పి, సీసా మీద చెప్పినంత సేపు వదిలేయండి. పాత మరకకు రాత్రంతా పట్టవచ్చు. మూత్రం విషయంలో ఈ ఓపిక మరీ అవసరం. అందులోని యూరిక్ యాసిడ్ స్ఫటికాలు మామూలు నీళ్లకు సరిగా కరగవు, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన తిరిగొస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే ఆ వాసనకు జంతువు మళ్లీ అక్కడికే వస్తుంది.

ఇంకా రంగు మిగిలితే, లేత రంగు సింథటిక్ కార్పెట్ మీద మాత్రమే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొన్ని చుక్కలు వేయవచ్చు. ఎంజైమ్ పని పూర్తయ్యి, నీళ్లతో అద్ది తీసేశాకే వేయండి, లేదంటే పెరాక్సైడ్ ఎంజైమ్‌ను పాడుచేస్తుంది. పెరాక్సైడ్‌ను వెనిగర్‌తో కలపకండి. బ్లీచ్‌ను అమ్మోనియాతో గానీ వెనిగర్‌తో గానీ అస్సలు కలపకండి, విషవాయువు పుడుతుంది.

చివరగా చల్లటి నీళ్లతో రెండు మూడుసార్లు అద్ది మందు తీసేయండి. దాని జిగురు మిగిలితే దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. పొడి తెల్ల తువ్వాళ్లు నాలుగైదు మడతలు పరిచి, పైన ప్లాస్టిక్ కవరులో చుట్టిన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. పైకి తేలాల్సిన మురికి తువ్వాలులోకి పోతుంది. పొద్దున బరువు తీసి ఫ్యాన్ పెట్టండి. ఒకటి రెండు రోజుల్లోపు అడుగుదాకా ఆరకపోతే బూజు పడుతుంది. ఆరాక కూడా లేత నీడ కనిపిస్తే ఎంజైమ్ దగ్గర నుంచి ఇంకోసారి మొదలుపెట్టండి.