వరిలో ఆరుతడి: గొట్టం పాతడం, నీరు ఎప్పుడు పెట్టడం

ఆరుతడి అంటే మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ నీరు పెట్టడం. వారాల తరబడి నీరు నిలిచిన మడిలో అడుగేస్తే బుడబుడమని బుడగలు లేస్తాయి. వాటిలో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఉంటుంది. నీరు నిలిచాక గాలి మట్టిలోకి దిగదు. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు త్వరగానే వాడేసి, ఆపైన నైట్రేట్, మాంగనీస్, ఇనుము, సల్ఫేట్‌ల మీద పడతాయి. అవీ అయిపోయాక మీథేన్‌ను తయారుచేసే సూక్ష్మజీవులైన మీథనోజెన్ల వంతు. ఇవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే తరగతి సూక్ష్మజీవులు. గాలి తగిలితే వీటి పని ఆగిపోతుంది. మడి మధ్యమధ్య ఆరితే ఇనుము మళ్లీ తుప్పురూపానికి వస్తుంది, మీథేన్‌ను తినే బ్యాక్టీరియా పుంజుకుంటాయి. ఎప్పుడూ నీరు నిలిపే మడితో పోలిస్తే, పలుమార్లు ఆరబెట్టిన మడిలో మీథేన్ సుమారు 45 శాతం తక్కువని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2019 లెక్క.

ఎంత ఆరిందో పైనుంచి చూస్తే తెలియదు. అందుకే గొట్టం. 30 సెం.మీ. పొడవు, 10–15 సెం.మీ. వెడల్పు ఉన్న పీవీసీ పైపు తీసుకోండి, లావు వెదురైనా సరే. కింది 20 సెం.మీ. మేర 2 సెం.మీ.కి ఒకటి చొప్పున 5 మి.మీ. రంధ్రాలు వేయండి. గట్టుకు మరీ దగ్గరగా కాకుండా, మడి ఎత్తుపల్లాలకు సగటుగా ఉన్న చోట రంధ్రాల భాగమంతా పాతి, లోపలి మట్టిని అడుగుదాకా తీసేయండి. మట్టి మిగిలితే కొలత తప్పుతుంది. మడి చదునుగా లేకపోతే ఒక మూల ఎండి, మరో మూల మురుగుతుంది.

నాటిన రెండు వారాలకు మొదలుపెట్టండి. కలుపు ఎక్కువగా ఉంటే ఇంకో రెండు మూడు వారాలు ఆగండి. గొట్టం అంచు నుంచి నీటిదాకా పుల్లతో కొలిస్తే 25 సెం.మీ. వచ్చినప్పుడు, అంటే నేలకు 15 సెం.మీ. కిందికి నీరు దిగినప్పుడు, మళ్లీ 5 సెం.మీ. నీరు పెట్టాలి. పూత వచ్చే వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఆరబెట్టొద్దు, తాలు గింజలు పెరుగుతాయి.

చాలామంది తప్పేది యూరియా దగ్గర. తడి మడిలో చల్లి ఆరనిస్తే నత్రజని నైట్రేట్‌గా మారి, మళ్లీ నీరు పెట్టగానే నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. వందేళ్ల లెక్కన, బరువుకు బరువు చూస్తే, భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. మీథేన్‌ది సుమారు 27 రెట్లే. కాబట్టి ఆరిన నేల మీద చల్లి, వెంటనే నీరు పెట్టి, కొన్నాళ్లు నిలపండి.

కొయ్యకాళ్లను దమ్ముకు ముందురోజు కలియదున్నితే మీథనోజెన్లకు విందే. కోత అయిన వెంటనే, నీరు పెట్టడానికి 30 రోజులకు పైగా ముందే దున్నేస్తే గడ్డి గాలిలో కుళ్లుతుంది.

ఈ పద్ధతి దాళ్వా, యాసంగిలో బాగా నడుస్తుంది. సార్వాలో వాన వదలకపోతే మడి ఆరదు. నల్లరేగడిలో నెర్రెలు విచ్చేదాకా ఆగొద్దు, పెట్టిన నీరంతా అందులోకే పోతుంది. చౌడు నేలల్లో వద్దు: ఆరిన కొద్దీ ఉప్పు పైకి వస్తుంది.