సెల్ఫ్ పట్టని కారు: కొత్త బ్యాటరీ కొనే ముందు ఎర్త్ చూడండి

విశాఖలో పొద్దున్నే కారు కదలకపోతే చుట్టుపక్కల వాళ్లంతా చెప్పే తీర్పు ఒకటే: బ్యాటరీ పోయింది. పోయి ఉండొచ్చు కూడా. కానీ సముద్రం పక్కనున్న ఊళ్లో చాలాసార్లు పాడయ్యేది బ్యాటరీ కాదు, బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్‌కి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చే కరెంటు దారి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు ఆరుబయట ఉండే బళ్లలో టెర్మినళ్ల మీద, ఎర్త్ బోల్టుల (నెగటివ్ కేబుల్‌ని బాడీకి, గేర్‌బాక్సుకి బిగించే బోల్టుల) కింద ఉప్పు తేమ చేరి తుప్పు, చిలుము పడతాయి. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు టెర్మినళ్లు ఎలాగూ గీకుతారు కాబట్టి కొన్నాళ్లు బండి బాగానే నడుస్తుంది. ఎర్త్ బోల్టు సంగతి ఎవరూ చూడరు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

మామూలు డిజిటల్ మల్టీమీటర్, 10 ఎంఎం పానా, గరుకు కాగితం, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ ఉంటే చాలు. తాళం తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి.

ముందు చెవి పెట్టి వినండి

సెల్ఫ్ కొట్టగానే టకటకటకమని వరసగా చప్పుడు వస్తే వోల్టేజీ నిలబడటం లేదని అర్థం. సోలెనాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లాగుతుంది, మోటార్ లోడు పడగానే వోల్టేజీ పడిపోతుంది, సోలెనాయిడ్ వదిలేస్తుంది, వోల్టేజీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఒక్కసారే గట్టిగా ‘టక్’మని ఆగిపోతే మోటార్ కార్బన్లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగి ఉండాలి, సోలెనాయిడ్ కాంటాక్టులు కాలి ఉండాలి, లేదా లావు కేబుల్, ఎర్త్ పాడై ఉండాలి. అసలు చప్పుడే లేకపోతే సోలెనాయిడ్ దాకా ఆర్డరే వెళ్లడం లేదు. ఇంజన్ బాగా తిరుగుతూ అందుకోకపోతే సెల్ఫ్ జోలికి పోవద్దు, ఆ సంగతి కింద ఉంది.

‘హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీ, వైరింగ్ బాగానే ఉన్నట్టే’ అనుకోవద్దు. రెండు హాలోజన్ బల్బులు కలిసి లాగేది 9, 10 ఆంపియర్లు. చిన్న పెట్రోల్ ఇంజన్ సెల్ఫ్ మోటార్ నూరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. దారిలో ఎక్కడైనా 0.01 ఓమ్ నిరోధం చేరితే లైట్లకు పోయేది 0.1 వోల్టు, సెల్ఫ్‌కి పోయేది 1 వోల్టు. ఇంత చిన్న నిరోధాన్ని మల్టీమీటర్ ఓమ్స్‌లో పట్టుకోలేదు. అందుకే సెల్ఫ్ కొడుతూ వోల్టులు కొలవాలి.

బ్యాటరీ కొలత

రాత్రంతా ఆగిన బండి మీద కొలవండి. అప్పుడే నడిపి ఆపితే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12.0కి దిగితే ముందు చార్జింగ్ పెట్టాలి, అప్పటిదాకా ఏ పరీక్ష చేసినా తప్పుదారి పట్టిస్తుంది.

తర్వాత మీటరు అలాగే పెట్టి సెల్ఫ్ కొట్టించండి. వోల్టేజీ 9.6 కంటే కిందికి పోకూడదు. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో జారితే సాధారణంగా లోపల సెల్ పోయింది, ఆ బ్యాటరీ మార్చాల్సిందే. మోటార్ బిగుసుకుపోయినా ఇలాగే జారుతుంది కాబట్టి కొనే ముందు బాగున్న బ్యాటరీతో ఒకసారి చూడండి. మార్చేటప్పుడు స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజన్ తనే ఆగి మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న కారుకి దానికోసమే చేసిన ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ రకం బ్యాటరీ వేయాలి, మామూలుది త్వరగా చచ్చిపోతుంది. సెల్ఫ్ కొట్టినా 11.5 పైనే ఉండి మోటార్ మాత్రం తిరగకపోతే బ్యాటరీ నిర్దోషి, కరెంటు మోటార్ దాకా చేరడం లేదు.

మీటరు మొనలు క్లాంపుల (కేబుల్ కొసన పోస్టుని పట్టుకునే బిగింపుల) మీద కాదు, వాటి మధ్యలో కనిపించే సీసం పోస్టు మీద ఆనించాలి. ఒక మొన పోస్టు మీద, రెండోది దాని క్లాంపు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. ఆ రెండూ బిగిసి ఉన్నట్టే కనిపిస్తాయి, కానీ అక్కడ అర వోల్టు చూపిస్తే మధ్యలో కంటికి కనపడని బూడిద రంగు పొర ఉన్నట్టే.

ఎర్త్ పరీక్ష

నల్ల మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర మొన ఇంజన్ మీద పెయింటు లేని లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. నెగటివ్ కేబుల్ సాధారణంగా ఒకటి బాడీకి, ఒకటి గేర్‌బాక్సుకి వెళ్తుంది. ఆ బోల్టు పైకి నిగనిగలాడుతున్నా నమ్మొద్దు. విప్పి లగ్గు (కేబుల్ కొసనున్న లోహపు రింగు) అడుగు చూడండి, ఎర్రటి తుప్పు, కేబుల్ తీగల్లో పచ్చటి చిలుము అక్కడుంటాయి. చిలుము ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకి ఉంటే గీకి లాభం లేదు, ఆ ఎర్త్ కేబుల్ మార్చండి. బ్యాటరీతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోది కాదు.

అనుమానం వెంటనే తేల్చుకోవాలంటే జంపర్ కేబుల్ ఒక కొస నెగటివ్ పోస్టుకి, రెండోది ఇంజన్ ఎత్తే కొక్కేనికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఠక్కున తిరిగితే తప్పు ఎర్త్‌దే.

పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి: ఎర్ర మొన పాజిటివ్ పోస్టు మీద, నల్ల మొన సెల్ఫ్ మోటార్ లావు బోల్టు మీద. హద్దు 0.5 వోల్టులు. ఈ కొలతలప్పుడు ఇంజన్ అందుకోకుండా పెట్రోల్ కారులో ఫ్యూయల్ పంపు రిలే (ఫ్యూజుల పెట్టెలో ఉండే చిన్న స్విచ్ డబ్బా) పీకి పెట్టండి. ఒక్కో విడత ఐదు సెకన్లు మించొద్దు, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వకపోతే మోటార్ వేడెక్కిపోతుంది.

శుభ్రం చేయడం

ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు చివర నెగటివ్. పాజిటివ్ ముందు విప్పుతూ పానా బాడీకి తగిలిందంటే నిప్పులు ఎగురుతాయి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పెద్ద చెంచాడు వంట సోడా కలిపి పోస్తే తెల్లటి పొడి నురగలు కక్కి కరుగుతుంది. ఆ నీళ్లు సెల్ మూతల్లోకి పోకూడదు. మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, పోస్టునీ క్లాంపు లోపలి వైపునీ మెరిసేదాకా గీకండి. వాజిలిన్ బిగించాక రాయాలి, ముందు కాదు. క్లాంపు దిగకపోతే సుత్తితో కొట్టొద్దు, పోస్టు లోపల విరుగుతుంది.

బ్యాటరీ పైభాగం కూడా తుడవండి. ఉప్పు తేమ, దుమ్ము కలిసిన పొర గుండా పోస్టుల మధ్య కొద్దికొద్దిగా కరెంటు పారుతుంది. నల్ల మొన నెగటివ్ పోస్టు మీద ఉంచి ఎర్ర మొన ప్లాస్టిక్ మూత మీద ఊరికే రాస్తూ పోండి, వోల్టులు చూపిస్తే ఆ పొర పని చేస్తున్నట్టే.

చప్పుడే రాకపోతే

క్లచ్ పూర్తిగా తొక్కారా? చాలా కార్లలో పెడల్ దగ్గర స్విచ్ ఉంటుంది, మ్యాట్ ముడుచుకుని అడ్డుపడ్డా పని చేయదు. ఆటోమేటిక్ అయితే ‘పి’ నుంచి ‘ఎన్’కి మార్చి ప్రయత్నించండి. తర్వాత ఫ్యూజు, ఆపైన స్టార్టర్ రిలే. రిలే మీది నంబరూ కాళ్ల అమరికా అచ్చు ఒకటే అయితే హారన్ రిలేతో మార్చి చూడండి. సోలెనాయిడ్‌కి వచ్చే సన్న వైరు దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టి తాళం తిప్పిస్తే, బల్బు వెలిగీ మోటార్ కదలకపోతే తప్పు మోటార్‌ది, వెలగకపోతే వెనక్కి వెతుక్కుంటూ రావాలి. వానాకాలంలో ఎలుకలు కొరికిన వైరు ఇక్కడే బయటపడుతుంది.

తిరిగినా అందుకోకపోతే డాష్‌బోర్డులో తాళం గుర్తు ఆగకుండా మినుకుతోందేమో చూడండి, అది ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి కాకపోతే ఇంజన్‌ని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు). తాళం చెవిలోని చిప్‌కి సెల్ అక్కర్లేదు కాబట్టి రిమోట్ పని చేయకపోయినా మామూలు తాళంతో బండి స్టార్ట్ అవ్వాలి. బటన్ కార్లలో చెవినే స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాలి. గుర్తు మామూలుగా ఆరిపోతే తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి. అనకపోతే దాని ఫ్యూజు, రిలే చూడాలి.

రాత్రికి రాత్రే దిగిపోతుంటే

ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి కొలిస్తే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీని నింపే జనరేటర్) సరిగ్గా చార్జింగ్ చేయడం లేదు. దాన్ని పరీక్షించడానికి నడుస్తున్న ఇంజన్ మీద బ్యాటరీ వైరు పీకే అలవాటు ఇంకా ఉంది. ఎవరినీ చేయనివ్వద్దు, వోల్టేజీ ఎగిరి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కాలిపోవచ్చు.

చార్జింగ్ బాగుంటే లీకు వెతకాలి. నెగటివ్ క్లాంపు తీసి, దానికీ పోస్టుకీ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో కలపండి. తలుపులు మూసి, లాక్ చేసి అరగంట ఆగితేగానీ కంప్యూటర్లు నిద్రపోవు. 0.05 ఆంపియర్ల లోపు మామూలే. 0.3 ఉంటే రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 35 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీ మూడు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే అంకె ఎక్కడ పడిపోతుందో అదే లీకున్న సర్క్యూట్. డాష్‌క్యామ్, జీపీఎస్, బయట బిగించిన స్టీరియో మొదటి అనుమానితులు. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది.

దారిలో ఆగిపోతే

జంపర్ కేబుల్ క్రమం: ఎర్రది దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కి, నల్లది మంచిదాని నెగటివ్‌కి, చివరి కొస ఆగిన బండి ఇంజన్ లోహానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి చివరి నిప్పురవ్వ దానికి దూరంగా పడాలి. ఐదు నిమిషాలు ఆగి కొట్టండి, తీసేటప్పుడు వెనక్కి అదే వరస.

తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేర్లకే, రెండో గేరులో. డాష్‌బోర్డు లైట్లే వెలగనంతగా దిగిపోతే సింహాచలం ఘాట్ మీద నుంచి వదిలినా లాభం లేదు, పంపుకీ ఈసీయూకీ కరెంటు ఉండదు. వాన నీళ్లలో మునిగిన బండిని అసలు సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నెగటివ్ తీసేసి లాగించుకుపోవాలి.

మోటార్‌దే తప్పని తేలాక ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చేటప్పుడు మీరు కొలిచిన అంకెలు రాసి ఇవ్వండి. పూర్తి మోటార్ మార్చాలని ఆయన అంటే, ముందు విప్పి కార్బన్లు, బుష్‌లు, సోలెనాయిడ్ కాంటాక్టులు చూపించమనండి. ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే తీగచుట్టల భాగం) కాలకపోతే చాలా మోటార్లు ఆ చిన్న సామాన్లతోనే బాగవుతాయి.