నీటికాసులకు చుక్కల మందు – 3వ పాఠం: చుక్క కంట్లోనే ఉండాలి

నీటికాసులంటే గ్లకోమా, సాధారణంగా కంటి లోపలి నీరు సరిగ్గా బయటికి పోక ప్రెషర్ పెరిగి చూపును దెబ్బతీసే జబ్బు. దానికి వేసుకునే చుక్కల కోసం పోయిన పాఠంలో మీకొక పని అప్పజెప్పాను. సీసా మూత తియ్యకుండా, మంచం మీద వెల్లకిలా పడుకుని, చుక్క పడే మొన కంటికి సూటిగా వచ్చేలా పట్టుకోవడం. రోజుకు నాలుగుసార్లు, వారం రోజులు. చేసినవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది, చెయ్యి గాలిలో నిలవదని. అరవై దాటినవాళ్లకు మరీను.

అందుకని ముందు చేతికి ఆసరా ఇద్దాం. సీసా పట్టుకున్న చేతిని, బొటనవేలి కింద కండ ఆనేలా, నుదుటి మీద పెట్టండి. అప్పుడు తల కదిలితే చెయ్యీ దానితోపాటే కదులుతుంది కాబట్టి గురి తప్పదు. రెండో చేతి చూపుడు వేలితో కింది రెప్పను కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. చుక్క పడాల్సింది అందులో. నల్లగుడ్డు మీద సూటిగా పడితే కన్ను ఉలిక్కిపడి మందును బయటికి తోసేస్తుంది. సీసా మొన రెప్పకు గాని, వెంట్రుకలకు గాని, వేలికి గాని తగలకూడదు. తగిలితే మన ఒంటి మీది క్రిములు సీసాలోకి చేరి, రేపటి చుక్కతో మళ్లీ కంట్లోకే వస్తాయి. చేతులు సబ్బుతో కడుక్కోవడం గురించి మొదటి పాఠంలోనే మొత్తుకున్నాను, మళ్లీ చెప్పను.

మా అమ్మకు నీటికాసులని తేలి ఆరేళ్లయింది. మొదటి నెలంతా ఒకటే గొడవ. “సీసా కనిపిస్తే చాలు, కన్ను దానంతటదే మూసుకుపోతోందిరా” అనేది. ఇలాంటివాళ్లకు వేరే దారి ఉంది. వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోవాలి. ముక్కు వైపు మూలలో ఒక చుక్క వేసుకుని, తర్వాత మెల్లగా కన్ను తెరిస్తే చుక్క జారి లోపలికి పోతుంది. రెప్పలు ముందే శుభ్రంగా కడుక్కుని ఉండాలి, అంతే. అమ్మ ఇప్పటికీ ఇలాగే వేసుకుంటుంది.

రెండో గొడవ, చుక్క కంట్లో పడిందో బుగ్గ మీద పడిందో తెలియకపోవడం. అనుమానం వచ్చి ఇంకోటి, దాని మీద ఇంకోటి. నెలకు రావాల్సిన సీసా పద్దెనిమిది రోజులకే ఖాళీ. అసలు లెక్క చూడండి: సీసా నుంచి పడే చుక్క సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు. కంట్లో మామూలుగా ఉండే కన్నీరు 7 నుంచి 10 మైక్రోలీటర్లు. అంటే ఒక్క చుక్కే కంటికి ఎక్కువ. రెండోది వేస్తే మొదటిదాన్ని కూడా కడిగేసుకుని బుగ్గ మీదికి పోతుంది. ఒక ఉపాయం చెప్తాను: సీసా కాసేపు ఫ్రిజ్‌లో ఉంటే చుక్క చల్లగా తగులుతుంది, పడిందో లేదో కంటికే తెలుస్తుంది. మీ మందును ఫ్రిజ్‌లో పెట్టవచ్చో లేదో డబ్బా మీద చూసుకోండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

ఇక ఈ పాఠంలో అసలైన విషయానికి వద్దాం. మొదటి పాఠంలో చెప్పుకున్న చేను గుర్తుందా? బోదె నుంచి నీరు వస్తూనే ఉంటుంది, మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడుకుపోతే చేను మునిగిపోతుంది. కంటి లోపల ఊరే నీటి సంగతీ అంతే. టిమోలాల్ లాంటి మందులు ఆ ఊటను తగ్గిస్తాయి, లాటానోప్రోస్ట్ లాంటివి నీరు బయటికి పోయేలా చేస్తాయి. అది గుడ్డు లోపలి కాలువ. కంటి పైన ఇంకో కాలువ ఉంది, కన్నీటిది. ముక్కు వైపు మూలలో రెప్పల అంచున సూది మొనంత తూములు ఉంటాయి. ఏడిస్తే ముక్కు కారేది వాటి వల్లే. మనం వేసిన మందు కూడా అదే దారిన ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. డోర్జోలమైడ్ అనే ఇంకో నీటికాసుల మందు వేసుకున్నాక నోరు చేదెక్కడం అందుకే.

చేదైతే పోనీ అనుకోవచ్చు. టిమోలాల్ విషయంలో అలా అనుకోవడానికి లేదు. నోట్లో వేసుకున్న మాత్రను ముందు లివర్ కొంత అరగదీస్తుంది. ముక్కు పొరలోంచి రక్తంలో కలిసిన మందుకు ఆ అడ్డు లేదు. అది గుండె వేగాన్ని తగ్గించగలదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి ఆడకుండా చేయగలదు. మా పెద్దమ్మకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. టిమోలాల్ రాసేటప్పుడు కంటి డాక్టరు గారు అడగలేదు, ఈవిడ చెప్పలేదు. “కంటికి వేసే మందుకీ నా ఆయాసానికీ సంబంధం ఏంటి?” అనుకుందట. వారం తిరక్కుండా రాత్రిళ్లు పడుకోలేక మంచం మీద కూర్చుంది. మందు మార్చాక తేరుకుంది. ఉబ్బసం, గుండె జబ్బు, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం ఉంటే, అడిగినా అడక్కపోయినా డాక్టరుకు చెప్పండి. బీపీ మాత్రల చీటీ కూడా తీసుకెళ్లండి.

కాబట్టి చుక్క పడగానే ఆ తూము మూసెయ్యాలి. కన్ను మెల్లగా మూసుకోండి, గట్టిగా నొక్కి మూస్తే మందు బయటికొస్తుంది. చూపుడు వేలిని కంటి మూలకూ ముక్కు ఎముకకూ మధ్య ఆనించి, ఎముక వైపు నొక్కిపెట్టండి. గుడ్డు మీద కాదు. రెండు నిమిషాలు. ఈలోపు రెప్పలు కొట్టుకోకూడదు, మాట్లాడుతూ లేచి తిరగకూడదు. మందు కంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, ఒంట్లోకి తక్కువగా పోతుంది. పైసా ఖర్చు లేని ఈ పనిని చాలామందికి ఎవరూ నేర్పరు. నాకు అదే కడుపుమంట.

రెండు రకాల మందులుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగండి. ముందు ఏది, వెనక ఏది అన్నది పెద్ద విషయం కాదు గాని జెల్, ఆయింట్‌మెంట్ మాత్రం చివర. బ్రింజోలమైడ్ లాంటి పాల రంగు మందును వాడే ముందు కుదపాలి. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి వేళ దగ్గర పడితే వదిలేయండి, రెండు చుక్కలు ఒకేసారి వద్దు.

సీసా తెరిచిన తేదీని ప్లాస్టర్ ముక్క మీద రాసి అంటించండి. చాలా మందులకు తెరిచాక నాలుగు వారాలే గడువు. “ఇంకా నాలుగు చుక్కలున్నాయి కదరా” అని మా అమ్మ దాచుకునేది, నేను పారేసేవాణ్ణి. మే నెలలో బండి డిక్కీలో సీసా వదిలేసి సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురం వెళ్లొచ్చేవాళ్లను చూశాను. ఆ వేడికి మందు పనికిరాకుండా పోవచ్చు.

కళ్లు ఎర్రబడితే పక్కింటివాళ్ల దగ్గర మిగిలిన చుక్కలు అడిగి వేసుకునేవాళ్లు మన వైపు ఎక్కువ. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంట్లో ప్రెషర్ ఇంకా పెరగవచ్చు. నీటికాసులు ఉన్నవాళ్లు డాక్టరు రాయనిది ఏదీ కంట్లో వేసుకోకూడదు.

వారం పని: అద్దం ముందు కూర్చుని, మందు లేకుండానే, మూల నొక్కడం సాధన చేయండి. నిజంగా మందు వేసుకున్నప్పుడు, సరైన చోట వేలు పడిందో లేదో రుచే చెప్తుంది: చేదు మందు వాడేవాళ్లు, వేసుకున్న పావుగంట తర్వాత గొంతులో చేదు తగిలితే తూము సరిగ్గా మూయలేదన్నమాట. ఎన్ని రోజులు చేదు తగిలిందో కేలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. 4వ పాఠం ఆ గుర్తుల దగ్గరే మొదలుపెడదాం. ఈలోగా కంట్లో భరించలేని నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే పాఠం కోసం ఆగకండి, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి.