ఐసు కరిగితే నీళ్ళు పెరుగుతాయా? చర్చలో బల్ల మీదే చూపించే పద్ధతి

భూమి వేడెక్కడం మీద తిరుపతిలో ఏ కాలేజీలో చర్చ పెట్టినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "గ్లాసులో ఐసు కరిగితే నీళ్ళు పొంగినాయా సార్? మరి సముద్రం ఎట్లా పెరుగుతుంది?" అడిగినవాళ్ళను కసురుకోకండి. తేలే మంచు విషయంలో వాళ్ళ మాట నిజమే. ఆర్కిటిక్ సముద్రం మీద తేలుతున్న మంచంతా కరిగినా సముద్రమట్టం దాదాపు అలాగే ఉంటుంది. గ్రీన్‌లాండ్‌లో, అంటార్కిటికాలో నేల మీద పేరుకున్న మంచు సంగతి వేరు. ఈ తేడాను ఎంత వివరించినా తలకెక్కదు, రెండు డబ్బాలు పెట్టి చూపిస్తే ఎక్కుతుంది.

లోపల 20 సెం.మీ. పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీసుకోండి. ఒక్కోదానిలో నేలకు గుర్తుగా ఒక్కో రాయి పెట్టాలి: అడుగు 10×8 సెం.మీ., ఎత్తు 12. చిత్తూరు వైపు గ్రానైట్ కోసే చోట మిగిలిపోయిన ముక్కలు దొరుకుతాయి, పలకలైనా సరే, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. ఎర్ర ఇటుక మాత్రం వద్దు, నీళ్ళు పీల్చేసుకుంటుంది. బోర్లించిన గిన్నె కూడా వద్దు, లోపల గాలి చిక్కుకుని పైకి లేస్తుంది.

ఐసుగడ్డలు ముందు రోజు రాత్రే తయారు చేసుకోండి. 10 సెం.మీ. వెడల్పున్న గిన్నెలు రెండింటిలో 400 మి.లీ. చొప్పున నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు నీళ్ళు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి కాబట్టి గిన్నె నిండా పోయకండి. బజారులో కొన్న చిన్న ముక్కలు రాయి మీద నిలవవు, జారి నీళ్ళలో పడితే ప్రయోగం అక్కడికక్కడే చెడినట్టే. తీసుకెళ్ళడానికి థర్మాకోల్ పెట్టె వాడండి. బల్ల దగ్గర రెండు గడ్డలనూ తూచి, బరువు సమానంగా ఉందో లేదో చూసుకోండి.

రెండు డబ్బాల్లోనూ రాయిని ఒక చివరకు జరిపి, 1200 మి.లీ. చొప్పున మంచినీళ్ళు పోయండి. రాయి పోగా 160 చదరపు సెం.మీ. జాగా మిగులుతుంది కాబట్టి నీళ్ళు 7.5 సెం.మీ. ఎత్తుకు వస్తాయి. మొదటి డబ్బాలో గడ్డను నీళ్ళలో వదలండి, మట్టం 10కి చేరుతుంది. రెండో డబ్బాలో రాయి మీద ఉల్లిపాయల వలసంచి ముక్క పరిచి, దాని మీద గడ్డ పెట్టండి. ఆ వల లేకపోతే అడుగున కరిగిన నీటి పొర మీద గడ్డ జారిపోతుంది. గడ్డలు పెట్టాకే గుర్తులు పెట్టాలి, ముందు పెడితే మొదటి డబ్బా లెక్క తప్పుతుంది. డబ్బా బయట చెమ్మ పడుతుంది, స్కెచ్ పెన్ గీత చెరిగిపోవచ్చు. పొడిగా ఉన్నప్పుడే టేపు అంటించి దాని మీద గీయండి. చదివేటప్పుడు కన్ను నీటి మట్టానికి సమానంగా ఉండాలి.

నీళ్ళలోని గడ్డ ముందు కరుగుతుంది, రాయి మీదిది బాగా ఆలస్యం చేస్తుంది. అందుకే సభ మొదలవకముందే అమర్చి, ఉపన్యాసాలు అయ్యాక చూపించండి. మొదటి డబ్బాలో మట్టం 10 దగ్గరే ఉంటుంది. తేలే గడ్డ తన బరువుకు సమానమైన నీటిని ముందే పక్కకు నెట్టింది, కరిగాక ఆ చోటునే నింపుతుంది. రెండోదానిలో 400 మి.లీ. కొత్తగా వచ్చి చేరింది, 160తో భాగిస్తే 2.5 సెం.మీ. అంటే 7.5 నుంచి 10కి పెరుగుతుంది. మొదటి డబ్బాలో కూడా మట్టం పెరిగిందంటే గడ్డ ఎక్కడో గోడకూ రాయికీ మధ్య ఇరుక్కుందన్నమాట. ఇరుక్కున్నది తేలే మంచు కాదు. ఉప్పు నీళ్ళలో అయితే ఏమవుతుందని అడిగితే నిజం చెప్పండి: ఉప్పునీరు బరువు కాబట్టి అందులో తేలే మంచినీటి గడ్డ కరిగితే మట్టం చాలా కొద్దిగా పెరుగుతుంది.

ఇప్పుడు అంకెలు చెప్పండి. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది, దానికి ఎన్నో శతాబ్దాలు, వేల ఏళ్ళు కూడా పట్టవచ్చు. "రేపే మునిగిపోతాం" అంటే ఎదుటివాళ్ళు అక్కడే పట్టుకుంటారు. 1901 నుంచి 2018 దాకా పెరిగింది దాదాపు 20 సెం.మీ. 1971 నుంచి 2018 వరకు జరిగిన పెరుగుదలలో సగం మంచుది కాదు, వేడెక్కిన సముద్రపు నీరు వ్యాకోచించడం వల్ల వచ్చింది. మన డబ్బాలు ఆ సగాన్ని చూపించవు. ఈ మాట మీరే ముందు చెప్పండి.

"కొండల మధ్య ఉన్నాం, మనకేంటి?" అంటారు. 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్ళూరుపేట, పులికాట్, శ్రీహరికోట తీరం తిరుపతి జిల్లాలోకే వచ్చాయి.

మంచు కరగడం చూపించినంత మాత్రాన భూమి వేడెక్కడానికి కారణం మనిషేనని రుజువు కాదు. ఆ ప్రశ్న వేరు, ఆధారాలు కూడా వేరు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పదిలక్షల భాగాల్లో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అదనంగా చేరిన కార్బన్‌లో ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పాళ్ళు బొగ్గు, పెట్రోలు మండినప్పుడు వచ్చే కార్బన్‌ను పోలి ఉన్నాయి. సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి, కానీ కింద వేడెక్కుతుంటే మబ్బులకు పైనుండే గాలి పొర, స్ట్రాటోస్ఫియర్, చల్లబడింది. పై పొరలు కొలవడమేంటని ఎవరైనా అడిగితే తిరుపతి దగ్గరి గాదంకి పేరు చెప్పండి, అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనాశాలలో రాడార్‌తో, లేజర్ కాంతితో కొలిచే లైడార్‌తో చేసే పని అదే.

హిమాలయాల హిమానీనదాలు 2035కల్లా మాయమవుతాయని ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) 2007 నివేదికలో పడిన తప్పును ఎవరో ఒకరు లేవనెత్తుతారు. అది తప్పే, 2010లో ఒప్పుకున్నారు. మీరూ ఒప్పుకోండి, ఆ హిమానీనదాలు ఇప్పటికీ తరుగుతూనే ఉన్నాయని చెప్పి, మళ్ళీ కొలతల దగ్గరికి రండి.